అప్‌డేట్ అయ్యాక సర్వర్‌ను రీబూట్ చేయాలా, అక్కర్లేదా? ఇలా తేల్చుకోండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అడిగే మనుషులు మారతారు గానీ ప్రశ్న మారదు. కాలేజీ ల్యాబ్ చూసే కుర్రాడు, నర్సింగ్ హోమ్ బిల్లింగ్ చూసే అమ్మాయి, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ లెక్కలు రాసే ఆయన, అందరూ అడిగేది ఒకటే: "అప్‌డేట్ ఎక్కేసింది. సర్వర్ ఏడాదిగా ఆగకుండా నడుస్తోంది. ఇప్పుడు రీబూట్ కొట్టాలా?" వెనక నుంచి ఓనరు గారు: "బాగానే నడస్తంది కదా బాబూ, దాన్నెందుకు కదపడం?"

ప్రతి అప్‌డేట్‌కీ రీబూట్ అక్కర్లేదు. అక్కర్లేదు కదా అని ఏళ్ల తరబడి వదిలేయకూడదు కూడా. మీరు చేయకపోతే ఏదో ఒక రోజు కరెంటు చేస్తుంది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు మన వైపు చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. యూపీఎస్ ఎంతసేపని లాగుతుంది? ఎలాగూ ఆగక తప్పని మెషీన్‌ను మనకు వీలైన పూట, మనం దగ్గరుండి ఆపుకోవడం మేలు. అక్టోబరులో తుపాన్ల రోజులు మొదలయ్యేలోపు ఒకసారి చేసి పెట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది.

కొంచెం థియరీ, ఇంతకన్నా అక్కర్లేదు

అప్‌డేట్ మార్చేది డిస్కు మీది ఫైలును. అప్పటికే నడుస్తున్న ప్రోగ్రామ్ మాత్రం మెమరీలో ఉన్న పాత కాపీతోనే పని చేస్తూ ఉంటుంది. కాబట్టి మీరు తేల్చుకోవాల్సింది ఇదే: ఏ పాత కాపీ ఇంకా నడుస్తోంది, దాన్ని దించాలంటే ఎంత ఆపాలి?

మూడు పాత లోపాలు చూస్తే తేడా తెలిసిపోతుంది. 2022 జనవరిలో బయటపడిన ప్వన్‌కిట్ లోపం పీకేఎగ్జెక్ అనే చిన్న ప్రోగ్రామ్‌లో ఉండేది. పిలిచినప్పుడల్లా అది కొత్తగా మొదలవుతుంది కాబట్టి ప్యాకేజీ అప్‌డేట్ చేస్తే చాలు, దేన్నీ ఆపనక్కర్లేదు. 2024 జులైలో వచ్చిన రెగ్రెషన్ లోపం దూరం నుంచి లాగిన్ అవడానికి వాడే ఓపెన్ఎస్ఎస్‌హెచ్ సర్వర్‌లోది. అప్‌డేట్ చేసి, ఆ ఒక్క సర్వీస్ (వెనక ఆగకుండా నడిచే ప్రోగ్రామ్) రీస్టార్ట్ చేస్తే సరి. 2022 మార్చి నాటి డర్టీ పైప్ కెర్నల్‌లోనే, అంటే ప్రోగ్రామ్‌లన్నిటి కిందా ఉండి మెషీన్‌ను నడిపే అసలు భాగంలోనే ఉంది. దానికి రీబూట్ తప్పదు.

లైబ్రరీల (చాలా ప్రోగ్రామ్‌లు ఉమ్మడిగా వాడుకునే కోడ్ ఫైళ్ల) సంగతి ఇంకోలా ఉంటుంది. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం వచ్చినప్పుడు ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీని అప్‌డేట్ చేసి అక్కడితో ఆగితే లాభం లేదు. దాన్ని వాడుకునే వెబ్ సర్వర్, మెయిల్ సర్వర్ రీస్టార్ట్ అయ్యేదాకా పాత లోపం మెమరీలో అలాగే ఉంటుంది.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- రూట్ లేదా అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్. టైప్ చేసి పని చేస్తోందని చూసుకున్నది కావాలి, డైరీలో రాసి ఉన్నది కాదు.
- మెషీన్ ముందు కూర్చునే వీలు, లేదా ఐడ్రాక్, ఐలో లాంటి రిమోట్ కన్సోల్. సర్వర్ పలాసలో ఉండి మీరు విజయనగరంలో ఉంటే, అక్కడ మానిటర్ తగిలించి చూసి చెప్పే మనిషి ఒకరు.
- వేరే డిస్కులో ఉన్న తాజా బ్యాకప్. అందులోంచి ఒక ఫైలైనా తీసి తెరిచి చూసి ఉండాలి.
- బూట్ అయ్యే పెన్‌డ్రైవ్.
- కాగితం, పెన్ను. సర్వర్ ఆగిపోయాక సర్వర్‌లో రాసుకున్న నోట్సు కనబడదు.

(కింది మెట్లు లినక్స్ సర్వర్లకు, విండోస్ వాళ్ల సంగతి చివర్లో ఉంది. కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లిష్ చిన్నక్షరాల్లోనే కొట్టండి.)

1. నడుస్తున్న కెర్నల్ ఏది, ఎక్కించిన కెర్నల్ ఏది?

'యూనేమ్ మైనస్ ఆర్' కొడితే ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ నంబరు వస్తుంది. 'స్లాష్ బూట్' ఫోల్డర్‌లో వీఎంలినుజ్ పేరుతో మొదలయ్యే ఫైళ్లు చూడండి. అక్కడ ఇంకా పెద్ద నంబరు ఉంటే కొత్త కెర్నల్ దిగి కూర్చుంది, నడవడం లేదన్నమాట. 'అప్‌టైమ్' కూడా కొట్టి ఎన్నాళ్లుగా నడుస్తోందో రాసుకోండి.

2. సిస్టమ్‌నే అడగండి

ఉబుంటులో 'స్లాష్ వార్ స్లాష్ రన్' కింద రీబూట్-రిక్వైర్డ్ అనే ఫైలు ఉందేమో చూడండి. ఉంటే రీబూట్ కావాలి. దాని పక్కనే అదే పేరు చివర పీకేజీఎస్ అని ఉన్న ఇంకో ఫైలు తెరిస్తే, ఏ ప్యాకేజీల వల్ల అడుగుతోందో కనిపిస్తుంది. ఈ రెండో ఫైలును చాలామంది తెరవరు. నిర్ణయానికి పనికొచ్చేది అదే.

ఆ ఫైలు లేనంత మాత్రాన అంతా అయిపోయినట్టు కాదు. పాత లైబ్రరీలతో నడుస్తున్న సర్వీసుల సంగతి అది చెప్పదు. దానికి 'నీడ్‌రీస్టార్ట్' ఉంది. ఉబుంటు 22.04 సర్వర్‌లో ముందే ఉంటుంది, డెబియన్‌లో ఎక్కించుకోవచ్చు. 'మైనస్ ఆర్ ఎల్' జోడించి నడిపితే దేన్నీ ముట్టుకోకుండా జాబితా మాత్రం ఇస్తుంది. మొదటిసారి అలాగే నడపండి. మామూలుగా నడిపి, వచ్చిన నీలం తెరలో ఎంటర్ కొట్టేసి, ఓపీ టైములో డేటాబేస్‌ను రీస్టార్ట్ చేసుకున్నవాళ్లు ఉన్నారు.

రెడ్ హ్యాట్, అల్మా, రాకీ వాడేవాళ్లకు 'నీడ్స్-రీస్టార్టింగ్' ఉంది. 'మైనస్ ఆర్' పెడితే రీబూట్ కావాలో లేదో చెబుతుంది. 'మైనస్ ఎస్' పెడితే రీస్టార్ట్ చేయాల్సిన సర్వీసుల పేర్లు వస్తాయి.

ఇవేవీ లేని పాత మెషీనైతే 'ఎల్ఎస్ఓఎఫ్' అవుట్‌పుట్‌లో డెల్ (డీ, ఈ, ఎల్) అని ఉన్న వరుసలు వెతకండి. అవి డిస్కు మీద చెరిగిపోయినా మెమరీలో ఇంకా వాడుకలో ఉన్న ఫైళ్లు. వరుస మొదట్లోనే ఏ ప్రోగ్రామ్ పట్టుకుని ఉందో కనిపిస్తుంది.

3. వచ్చిన పేర్లను విడదీయండి

కెర్నల్, ప్రాసెసర్ మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపల నడిచే కోడ్) అయితే రీబూట్. ఇంకో మాట లేదు.

జీలిబ్‌సీ, డీ-బస్ అయితే కూడా రీబూటే చేయండి. జీలిబ్‌సీని దాదాపు ప్రతి ప్రోగ్రామూ వాడుతుంది, ఒక్కొక్కటీ రీస్టార్ట్ చేస్తూ కూర్చోవడం కన్నా రీబూటే తక్కువ పని. ప్రోగ్రామ్‌ల మధ్య కబుర్లు మోసే డీ-బస్‌ను నడుస్తుండగా రీస్టార్ట్ చేస్తే దాని మీద ఆధారపడ్డవి అడ్డదిడ్డంగా పడిపోతాయి. ఆ ప్రయోగం వద్దు. సర్వీసులను మొదలుపెట్టి చూసుకునే సిస్టమ్‌డీ ఒక్కటే మారితే 'సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీఎగ్జెక్' సరిపోతుంది.

ఓపెన్ఎస్ఎస్ఎల్, పీహెచ్‌పీ, అపాచీ, మైఎస్‌క్యూఎల్, ఎస్ఎస్‌హెచ్ అయితే ఆ సర్వీసులను రీస్టార్ట్ చేస్తే చాలు. ఎస్ఎస్‌హెచ్ రీస్టార్ట్ చేసేటప్పుడు ఉన్న విండో మూయకండి. రెండో విండోలో లాగిన్ అయ్యాకే మొదటిది మూయండి.

ఎడిటర్లు, చిన్న టూల్స్, డాక్యుమెంటేషన్ ప్యాకేజీలకు ఏమీ అక్కర్లేదు.

డాకర్ (ప్రోగ్రామ్‌లను కంటైనర్లనే వేర్వేరు పెట్టెల్లో నడిపేది) వాడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. కంటైనర్లన్నీ హోస్ట్ కెర్నల్‌నే వాడతాయి గానీ వాటి లైబ్రరీలు వాటి ఇమేజ్‌లో వేరుగా ఉంటాయి. హోస్ట్‌లో ఓపెన్ఎస్ఎస్ఎల్ మారిస్తే కంటైనర్ లోపలిది మారదు. ఎన్నిసార్లు రీబూట్ చేసినా మారదు. కొత్త ఇమేజ్ దించుకుని కంటైనర్‌ను మళ్లీ కట్టాలి.

4. ఈరోజేనా, ఆదివారం దాకా ఆగొచ్చా?

ఇక్కడ ఎవరి పరిస్థితి వాళ్లది. నేను చూసేది రెండు సంగతులు: లోపం బయటి నుంచి తగిలేదా, లోపలికి వచ్చినవాళ్లకే పనికొచ్చేదా, లోపలికి రాగలవాళ్లు ఎంతమంది?

ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న సర్వర్‌లో బయటి నుంచి తగిలే లోపమైతే ఆ రోజే చేయండి. డర్టీ పైప్ లాంటిది మామూలు యూజర్‌ను రూట్ చేసే రకం. ఆఫీసులో మీరొక్కరే లాగిన్ అయ్యే మెషీనైతే వారాంతం దాకా ఆగినా ఫరవాలేదు. అదే లోపం ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్ సర్వర్‌లో ఉంటే? వందలమంది పిల్లలకు లాగిన్లు ఉంటాయి, వాళ్లలో ఇద్దరికైనా ఆ ప్రోగ్రామ్ దించుకుని ఆడి చూడాలనే సరదా తప్పకుండా ఉంటుంది. అక్కడ ఆ సాయంత్రమే.

కెర్నల్ మారింది గానీ అందులో సరిచేసిందేదీ మీకు తగలదనుకుంటే నెలకో, రెండు నెలలకో ఒకసారి కలిపి చేయండి. ఆరు నెలలు దాటనివ్వకండి. లోపాల భయం ఒకటే కాదు కారణం. ఆ మధ్యకాలంలో ఎవరు ఏ సెట్టింగ్ మార్చారో అందరూ మర్చిపోతారు, రీబూట్ తర్వాత ఏదైనా లేవకపోతే ఎక్కడ వెతకాలో తెలియదు.

పూట ఎంచుకోవడంలో చాలామందితో నాకు పేచీ ఉంది. రాత్రి పదకొండుకు చేద్దామంటారు. ఆ వేళ ఎస్ఎంపీఎస్ (మెషీన్‌కు కరెంటు ఇచ్చే పెట్టె) పోతే ఏ షాపు తెరిచి ఉంటుంది? మామూలు వారంరోజున ఉదయం ఆరింటికి చేయండి. ఏదైనా తేడా వస్తే కాసేపట్లో షాపులు తెరుస్తారు, ఊళ్లో దొరకకపోతే విశాఖపట్నం వెళ్లి తెచ్చుకోవడానికి పగలంతా ఉంటుంది. వ్యాపారాలవాళ్లు నెలలో 11, 20 తేదీల ముందు రోజులు వదిలేయండి, జీఎస్‌టీ రిటర్నుల హడావుడి. విజయనగరంలో దసరా వెళ్లాక వచ్చే సిరిమానోత్సవం మంగళవారం అసలే వద్దు. ఆఫీసు సెలవు కదా అని ఆ రోజు పెట్టుకుంటే, జనం మధ్యలోంచి టెక్నీషియన్ ఎలా వస్తాడు?

5. ఆపే ముందు: తిరిగి లేస్తుందా?

రీబూట్ అంటే భయం నిజానికి ఇక్కడే ఉంది. ఈ దశకు ఎక్కువ టైము ఇవ్వండి.

అన్నిటికన్నా పనికొచ్చే పద్ధతి ఒకటుంది. చాలాకాలంగా ఆగని మెషీనైతే అప్‌డేట్ ఎక్కించక ముందే ఒకసారి రీబూట్ చేయండి. అప్పుడు ఏదైనా లేవకపోతే తప్పు పాత సెట్టింగులదని తెలిసిపోతుంది. అప్‌డేట్ చేసి, ఆ తర్వాత మొదటిసారి రీబూట్ చేస్తే, పాడైంది పాత సంగతా కొత్త సంగతా తేలక తల పట్టుకోవాలి. ఇప్పటికే అప్‌డేట్ ఎక్కించేశారా? అయితే కింది పరీక్షలు మరింత ఓపికగా చేయండి.

డిస్కులు. సాఫ్ట్‌వేర్ రెయిడ్ (ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా డిస్కులను కలిపే ఏర్పాటు) ఉంటే 'స్లాష్ ప్రాక్ స్లాష్ ఎండీస్టాట్' చూడండి. రెండు డిస్కులకు రెండు యూలు పక్కపక్కన కనిపించాలి. ఒక యూ స్థానంలో కింది గీత ఉంటే ఒక డిస్కు ఎప్పుడో పోయింది, మీరిప్పుడే చూస్తున్నారు. దాన్ని మార్చేదాకా రీబూట్ ఆపండి. 'స్మార్ట్‌సీటీఎల్' కూడా నడిపి డిస్కు ఎన్ని గంటలు నడిచిందో చూడండి. ఏళ్ల తరబడి తిరిగిన హార్డ్ డిస్కు కరెంటు పోయి వచ్చాక మళ్లీ తిరక్కపోవచ్చు. మామూలు రీబూట్‌లో డిస్కుకు కరెంటు ఆగదు కాబట్టి ఆ ప్రమాదం తక్కువ. ఎస్ఎస్‌డీలకు వేరే గొడవ. 2019 నవంబరులో హెచ్‌పీఈ కంపెనీయే ప్రకటించింది: పాత ఫర్మ్‌వేర్ ఉన్న తమ కొన్ని ఎస్ఏఎస్ ఎస్ఎస్‌డీలు సరిగ్గా 32,768 గంటలకు ఆగిపోతాయని. ఒకే రోజు పెట్టిన రెండు డిస్కులూ దాదాపు ఒకేసారి పోతే రెయిడ్ ఉండి ఏం లాభం?

బూట్ పార్టిషన్. 'డీఎఫ్ మైనస్ హెచ్' కొట్టి బూట్‌లో ఖాళీ ఉందా చూడండి. అది నిండిపోతే కొత్త కెర్నల్ సగంలో ఆగిపోతుంది, ఆ వచ్చిన ఎర్రర్‌ను ఎవరూ చదవరు. కొత్త నంబరుతో వీఎంలినుజ్ ఫైలూ, ఇనిట్‌ఆర్‌డీ లేదా ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ ఫైలూ రెండూ ఉండాలి. రెండో దాని సైజు పాత కెర్నల్ దానికి దగ్గరగా ఉండాలి. బయటి డ్రైవర్లు వేసి ఉంటే 'డీకేఎంఎస్ స్టేటస్'లో కొత్త కెర్నల్ నంబరు పక్కన ఇన్‌స్టాల్డ్ అని కనబడాలి.

ఎఫ్‌స్ట్యాబ్. బూట్ అయ్యేటప్పుడు ఏ డిస్కులు తగిలించుకోవాలో రాసి ఉండే ఫైలు ఇది, మన ఆఫీసుల్లో సర్వర్ లేవకపోవడానికి తరచూ కనబడే కారణం ఇదే. ఎవరో బ్యాకప్‌కని యూఎస్‌బీ డిస్కు పెట్టి ఎఫ్‌స్ట్యాబ్‌లో రాస్తారు, ఆర్నెల్లకు ఆ డిస్కు ఇంకెవరో పట్టుకుపోతారు. బూట్ అయ్యేటప్పుడు సిస్టమ్ దానికోసం తొంభై సెకన్లు చూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్లిపోతుంది. 'ఫైండ్‌మౌంట్ మైనస్ మైనస్ వెరిఫై' కొట్టండి. తప్పనిసరి కాని డిస్కులకు 'నోఫెయిల్' చేర్చండి.

చేత్తో మొదలుపెట్టినవి. హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ వేసిన కుర్రాడు ఆ రోజు నోహప్ (విండో మూసినా ప్రోగ్రామ్ ఆగకుండా చేసే కమాండ్) పెట్టి జావా ప్రోగ్రామ్ నడిపేసి వెళ్లిపోయి ఉండొచ్చు. 'ఎస్ఎస్ మైనస్ టీఎల్ఎన్‌పీ' కొట్టి కనెక్షన్ల కోసం తెరిచి ఉన్న (లిజనింగ్) పోర్టులన్నిటి జాబితా తీసి ప్రింట్ చేయండి. ఒక్కో పోర్టు వెనక ఉన్న ప్రోగ్రామ్ సర్వీసుగా ఎనేబుల్ అయి ఉందా, 'సిస్టమ్‌సీటీఎల్ ఈజ్-ఎనేబుల్డ్'తో చూడండి. డాకర్ కంటైనర్లకు రీస్టార్ట్ పాలసీ ఉందా? ప్రాక్స్‌మాక్స్‌లో వర్చువల్ మెషీన్లకు స్టార్ట్ ఎట్ బూట్ టిక్ ఉందా? మనం పెడితే తప్ప ఆ టిక్ ఉండదు.

నెట్‌వర్క్. ఐపీ అడ్రస్, రూట్లు, ఐపీటేబుల్స్ రూల్స్ అప్పటికప్పుడు కమాండ్‌తో ఇచ్చి ఉంటే రీబూట్‌తో పోతాయి. ఇప్పుడున్నవీ, కాన్ఫిగ్ ఫైల్లో ఉన్నవీ పోల్చండి.

చివరగా పెట్టె. మదర్‌బోర్డు మీది సీఎంఓఎస్ బ్యాటరీ అయిపోతే తేదీ వెనక్కి పోతుంది, ఎఫ్1 నొక్కమని తెర మీద అడిగి అలాగే ఆగిపోతుంది. కీబోర్డు లేని సర్వర్‌లో ఎవరు నొక్కుతారు? చాలా బోర్డుల్లో ఉండేది సీఆర్2032 నాణెం బ్యాటరీ, ముందే కొని పెట్టుకోండి. బయోస్‌లోకి ఎలాగూ వెళ్తారు కాబట్టి, కరెంటు వచ్చాక మెషీన్ తనంతట తాను ఆన్ అయ్యే సెట్టింగ్ కూడా చూసేయండి.

6. రీబూట్

ముందు డేటాబేస్‌ను చేత్తో ఆపండి, పూర్తిగా ఆగిందని చూడండి. తర్వాత 'షట్‌డౌన్ మైనస్ ఆర్ ప్లస్ 5' కొడితే ఐదు నిమిషాల్లో రీబూట్ అవుతుందని లాగిన్ అయి ఉన్నవాళ్లకు మెసేజ్ వెళుతుంది. మనసు మారితే 'షట్‌డౌన్ మైనస్ సీ'.

కొట్టే ముందు ఏ మెషీన్‌లో ఉన్నారో 'హోస్ట్‌నేమ్' కొట్టి చూసుకోండి. నాలుగు విండోలు తెరిచి పెట్టుకుని పక్క సర్వర్‌ను పడగొట్టడం ఎంత తేలికో చేసినవాళ్లకు తెలుసు.

ఆ తర్వాత ఓపిక పట్టండి. టవర్ సర్వర్లు మెమరీ పరీక్ష, రెయిడ్ కార్డు పరీక్ష అన్నీ ముగించి లేవడానికి చాలా నిమిషాలే తీసుకుంటాయి. తెర నల్లగా ఉందని పవర్ బటన్ నొక్కి పట్టకండి. కనీసం పదిహేను నిమిషాలు ఆగండి.

క్లౌడ్‌లో ఉన్నవాళ్లు రీబూట్ అనే బటనే నొక్కండి. అమెజాన్ ఈసీ2లో స్టాప్ చేసి స్టార్ట్ చేస్తే, ఎలాస్టిక్ ఐపీ లేని మెషీన్‌కు పబ్లిక్ ఐపీ మారిపోతుంది.

7. అయ్యిందో లేదో చూడటం

పింగ్ వస్తోంది కదా అని టీకి వెళ్లిపోకండి. 'యూనేమ్' మళ్లీ కొట్టి కొత్త నంబరు వచ్చిందా చూడండి. రీబూట్ చేసినా పాత కెర్నలే లేస్తే గ్రబ్‌లో (ఏ కెర్నల్ లేపాలో ఎంచే బూట్ మెనూలో) ఎవరో పాతదాన్ని డిఫాల్ట్‌గా పెట్టి ఉంటారు. 'సిస్టమ్‌సీటీఎల్ మైనస్ మైనస్ ఫెయిల్డ్' ఖాళీగా రావాలి. ప్రింట్ తీసిన పోర్టుల జాబితాతో ఇప్పటిది పక్కపక్కన పెట్టి చూడండి. 'నీడ్‌రీస్టార్ట్' ఇంకోసారి నడపండి. తేదీ, టైము సరిగ్గా ఉన్నాయా చూడండి.

ఇవన్నీ అయ్యాక అసలు పరీక్ష: వేరే కంప్యూటర్ నుంచి ఒక బిల్లు కొట్టి, ప్రింట్ తీసి, క్యాన్సిల్ చేయండి. మర్నాడు ఉదయం రాత్రి బ్యాకప్ నడిచిందా చూడండి. రీబూట్ తర్వాత చప్పుడు లేకుండా ఆగిపోయేది ఎక్కువగా బ్యాకపే.

విండోస్ వాళ్లకు

మన చిన్న ఆఫీసుల్లో సర్వర్ అంటే చాలాచోట్ల ట్యాలీ డేటా ఉన్న విండోస్ డెస్క్‌టాప్. విండోస్ వాడుకలో ఉన్న ఫైళ్లను తాళం వేసి ఉంచుతుంది కాబట్టి, మార్చాల్సినవి రీబూట్ దాకా వరుసలో పెట్టుకుంటుంది. అందుకే ఇక్కడ నెలనెలా రీబూట్ దాదాపు ఖాయం. ప్యాచ్‌లు నెలలో రెండో మంగళవారం అమెరికా టైములో వస్తాయి, మనం చూసేది బుధవారం. ఆ వారం చివర ఉదయం పూట ఒకటి ముందే కేటాయించుకోండి.

రోజూ సాయంత్రం షట్‌డౌన్ చేస్తున్నాం కదా, రీబూట్ అయినట్టే కదా అనుకోవద్దు. విండోస్ 10, 11లలో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌లో కెర్నల్‌ను డిస్కులో దాచి, మర్నాడు దాన్నే లేపుతుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ కింద అప్ టైమ్ చూడండి. నిన్న ఆపిన మెషీన్ నలభై రోజులని చూపిస్తే కారణం ఇదే. షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ నొక్కాలి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసిపోయింది. ఇంకా దాని మీదే ఉన్నవాళ్లు ముందు దాని సంగతి చూసుకోండి, రీబూట్ చర్చ తర్వాత.

రీబూట్ అయ్యాక ఎవరో లాగిన్ అయి ప్రోగ్రామ్ తెరిస్తేనే మిగతా సీట్లకు పని జరిగే ఏర్పాటైతే, ఆ పాస్‌వర్డ్ తెలిసిన మనిషి ఆ ఉదయం వచ్చి ఉండాలి.

ఆపడం కుదరకపోతే

ఉబుంటులో లైవ్‌ప్యాచ్, రెడ్ హ్యాట్‌లో కేప్యాచ్ ఉన్నాయి. నడుస్తున్న కెర్నల్‌లోనే తీవ్రమైన లోపాలను సరిచేస్తాయి. లైవ్‌ప్యాచ్ వచ్చే ఉబుంటు ప్రో సొంత వాడకానికి 5 మెషీన్ల దాకా ఉచితం. ఇవి రీబూట్‌ను వాయిదా వేస్తాయంతే. జీలిబ్‌సీ, మైక్రోకోడ్, మామూలు కెర్నల్ మార్పులు వీటితో రావు. కొత్త డిస్ట్రోల్లో 'సిస్టమ్‌సీటీఎల్ సాఫ్ట్-రీబూట్' కూడా ఉంది. కెర్నల్‌ను కదపకుండా పైవన్నీ కొత్తగా మొదలుపెడుతుంది. జీలిబ్‌సీ మారినప్పుడు, లేవడానికి పావుగంట తీసుకునే మెషీన్ల మీద బాగా పనికొస్తుంది.

లేవకపోతే

మొదట తెర మీద ఉన్నది ఫోన్‌తో ఫోటో తీయండి. తర్వాత రీస్టార్ట్ చేసి, గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్ ఎంచుకోండి. మెనూ కనబడకపోతే బూట్ అయ్యేటప్పుడు షిఫ్ట్, లేదా ఎస్కేప్ నొక్కి చూడండి. పాతదానితో లేస్తే ఆ రోజుకు ఆఫీసు నడిపించేయండి, కొత్త కెర్నల్ సంగతి సాయంత్రం చూసుకోవచ్చు. ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగితే ముందు ఎఫ్‌స్ట్యాబ్ తెరవండి.

అందుకే కొత్త కెర్నల్‌తో కనీసం వారం సాఫీగా నడిచేదాకా పాతదాన్ని తీసేయకండి. బూట్ నిండిందని ఎవరైనా ఖాళీ చేయమంటే, నడుస్తున్న కెర్నల్‌నూ దాని ముందుదాన్నీ వదిలి, అంతకన్నా పాతవి మాత్రం తీయండి.